అప్పు దక్షిణానిది, షరతు ఉత్తరానిది

యూరో దేశాల ఆర్థిక మంత్రుల బృందానికి అధ్యక్షుడిగా ఉన్న డచ్చి నాయకుడు యెరూన్ డైసెల్‌బ్లూమ్ 2017 మార్చిలో ఒక జర్మన్ పత్రికతో మాట్లాడుతూ, డబ్బంతా తాగుడుకీ ఆడవాళ్లకీ తగలేసి ఆనక సాయం చెయ్యమంటే కుదరదన్న ధోరణిలో ఒక మాట జారాడు. ఏ దేశాన్నీ పేరు పెట్టి అనలేదు గానీ ఎవరికి తగలాలో వాళ్లకే తగిలింది. పోర్చుగల్ ప్రధాని ఆంటోనియో కోస్టా ఆయన్ని పదవి దిగిపొమ్మన్నాడు. నిజానికి ఆ మాటలో కొత్తేమీ లేదు. 2010 నుంచీ ఉత్తర యూరప్ పత్రికల్లో, టీవీ చర్చల్లో, ఎన్నికల సభల్లో నలిగి నలిగి ఉన్న అభిప్రాయమే అది: దక్షిణాది వాళ్లు అప్పు చేసి పప్పుకూడు తిన్నారు, ఇప్పుడు అనుభవిస్తున్నారు.

ఈ తీర్పు గ్రీసుకు కొంతవరకూ అతుకుతుంది. మిగతావాటికి అతకదు. స్పెయిన్ ప్రభుత్వ అప్పు 2007లో జీడీపీలో 36 శాతం దగ్గర ఉంది. అదే ఏడు జర్మనీది 60 దాటి ఉంది. అప్పటికి స్పెయిన్ బడ్జెట్ వరసగా మూడేళ్లు మిగులు చూపించింది. ఇటలీ అప్పు పెద్దదే కానీ పాతది, చాలా మటుకు 1980లలో పేరుకుపోయినది. 1990ల నుంచి, వడ్డీల ఖర్చు పక్కన పెట్టి చూస్తే, ఇటలీ ప్రభుత్వం దాదాపు ప్రతి ఏడూ పెట్టిన ఖర్చు కన్నా ఎక్కువే వసూలు చేసింది. పోర్చుగల్‌కు విలాసం మాట అటుంచి, యూరోలో చేరిన దగ్గర్నుంచి ఎదుగూ బొదుగూ లేదు. నాలుగు దేశాలవీ నాలుగు జబ్బులు. మందు మాత్రం అందరికీ ఒకటే రాశారు. అది వైద్యశాస్త్రం రాయించిన చీటీ కాదు, రాజకీయం రాయించినది.

ముందు యూరో సంగతి చూడాలి. ద్రాక్మా, పెసేటా, లీరా, ఎస్కూడో చలామణీలో ఉన్న రోజుల్లో ఈ దేశాల్లో ధరలు పెరిగి ఎగుమతులు మందగిస్తే మారకపు విలువ తగ్గించుకుని ఊపిరి పీల్చుకునేవి. 1992లో ఇటలీ, స్పెయిన్, పోర్చుగల్ చేసిందదే. అంతకు ఏడాది ముందు మన దేశం చేసిందీ అదే. 1991 జులై మొదటి వారంలో పి.వి. నరసింహారావు ప్రభుత్వం రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించింది. అంతర్జాతీయ ద్రవ్య నిధి గుమ్మం మనమూ తొక్కాం, బంగారమూ తాకట్టు పెట్టాం, కానీ కరెన్సీ మన చేతిలో ఉంది. 2010లో గ్రీసు చేతిలో అది లేదు. మారకపు విలువ తగ్గించుకోలేని దేశం సరుకు చవక చెయ్యాలంటే జీతాలు తెగ్గొయ్యాలి. పరిభాషలో దీన్ని అంతర్గత విలువ తగ్గింపు అంటారు. పేరు ఎంత మర్యాదగా ఉన్నా జరిగేది జీతపు కోతే.

రెండో లోపం ఇంకా లోతైనది. కరెన్సీ ఉమ్మడిది, ఖజానా ఎవరిది వారిదే. రూపాయి వాడే రాష్ట్రాల మధ్య ఆర్థిక సంఘం పంపకం ఉంటుంది. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌కు రెవెన్యూ లోటు గ్రాంటు ఆ దారినే వచ్చింది. అది చాలిందా లేదా అన్న తగువు వేరు, అడగడానికి ఒక గడప అంటూ ఉంది. యూరో దేశాలకు ఆ గడపే లేదు. 1992 మాస్ట్రిక్ట్ ఒప్పందంలో ఒకరి అప్పు ఇంకొకరు నెత్తిన వేసుకోకూడదని రాసుకున్నారు. లోటు 3 శాతం, అప్పు 60 శాతం దాటరాదని గీతలూ గీసుకున్నారు. ఆ గీతల కోసం అందరికన్నా గట్టిగా పట్టుబట్టింది జర్మనీ. 2003లో ఆ జర్మనీయే ఫ్రాన్సుతో కలిసి 3 శాతం గీత దాటినప్పుడు, ఆ నవంబరులో మంత్రులంతా కూర్చుని చర్యల ప్రక్రియను పక్కన పెట్టేశారు. పెద్దలకు వర్తించని నిబంధన చిన్నవాళ్లకు వర్తించిన కథ ఇక్కడే మొదలైంది.

ఈలోగా మార్కెట్లు ఒక భ్రమలో పడ్డాయి. 1990ల మొదట్లో గ్రీసు ప్రభుత్వం ఇరవై శాతం దాకా వడ్డీ కట్టేది. 2000ల మధ్యకు వచ్చేసరికి గ్రీసు కట్టే వడ్డీకీ జర్మనీ కట్టే వడ్డీకీ తేడా అర శాతం కూడా లేదు. జర్మనీలో గెర్హార్డ్ ష్రోడర్ సంస్కరణల తర్వాత జీతాలు బిగబట్టి ఉన్నాయి, ఎగుమతులు పెరిగాయి, మిగిలిన డబ్బు బ్యాంకుల ద్వారా దక్షిణానికి పారింది. ఫ్రెంచి బ్యాంకులూ అదే పని చేశాయి. తీసుకున్నవాడి అత్యాశ గురించి పదిహేనేళ్లుగా వింటున్నాం. ఇచ్చినవాడి అత్యాశ గురించి అంతగా వినం.

ఇక గ్రీసు. సైనిక నియంతృత్వం 1974లో కూలాక దేశాన్ని రెండు పార్టీలు పంచుకున్నాయి: న్యూ డెమాక్రసీ, పాసోక్. పాపాండ్రూ కుటుంబంలో మూడు తరాలు ప్రధానులయ్యాయి. కరమాన్లిస్ కుటుంబంలో పెదనాన్న తర్వాత తమ్ముడి కొడుకు, మిట్సొటాకిస్ కుటుంబంలో తండ్రి తర్వాత కొడుకు. ఇది ఎలా నడుస్తుందో తెలుగు పాఠకులకు విడమరచి చెప్పనక్కర్లేదు. 1981లో ఆండ్రియాస్ పాపాండ్రూ నాయకత్వంలో పాసోక్ గెలిచాక ప్రభుత్వ ఉద్యోగాలు, పింఛన్లు, ఆసుపత్రులు విస్తరించాయి. దీన్ని ఒట్టి ఓట్ల బేరం అని కొట్టిపారెయ్యడం అన్యాయం. 1946–49 అంతర్యుద్ధంలో ఓడిన వామపక్షం వాళ్లకూ వాళ్ల పిల్లలకూ ఆ తర్వాత పాతికేళ్ల పాటు ప్రభుత్వ కొలువు దక్కాలంటే పోలీసుల నుంచి సామాజిక భావాల సర్టిఫికెట్ కావాల్సి వచ్చేది. అలా మూసిన తలుపులు బార్లా తెరిచిన ప్రభుత్వం పాసోక్‌ది. తెరిచిన తలుపు దగ్గర పార్టీ కార్యకర్తే కాపలాదారుగా కూర్చోవడం ఆ తర్వాతి కథ. ఆ కుర్చీ కోసం రెండు పార్టీలూ పోటీ పడ్డాయి.

ఖర్చు ఇలా పెరిగింది సరే, రాబడి ఏమైంది? ఏథెన్స్ ఉత్తర శివార్లలోని సంపన్నులు పన్ను కాగితాల్లో చూపించిన ఈత కొలనులు 324. సంక్షోభం వచ్చాక పన్నుల శాఖ ఉపగ్రహ చిత్రాలు చూస్తే పదహారు వేల పైచిలుకు తేలాయి. ఓడల యజమానులకు 1950ల నాటి పన్ను వెసులుబాటు రాజ్యాంగ రక్షణతోనే నడుస్తూ వచ్చింది. స్విస్ బ్యాంకు ఖాతాల్లో డబ్బున్న సుమారు రెండు వేల మంది గ్రీకుల జాబితాను 2010లో ఫ్రాన్సు అందిస్తే అది రెండేళ్లు సొరుగుల్లో తిరిగింది. పాత్రికేయుడు కోస్టాస్ వాక్సెవానిస్ 2012లో పేర్లు అచ్చు వేస్తే ముందు అరెస్టయింది ఆయనే. తర్వాత కోర్టు నిర్దోషి అంది. ఇలాంటి రాజ్యానికి లోటు లేకపోతేనే ఆశ్చర్యం.

లెక్కల దొంగాట కూడా నిజమే. యూరోలో చేరేందుకు చూపించిన లోటు గీత లోపల లేదని 2004లోనే బయటపడింది. 2001లో గోల్డ్‌మన్ శాక్స్‌తో చేసుకున్న కరెన్సీ ఒప్పందం అప్పులో కొంత భాగాన్ని లెక్కల్లోంచి దాచింది. 2009 అక్టోబరులో గెలిచిన జార్జ్ పాపాండ్రూ ప్రభుత్వం, దిగిపోయిన వాళ్లు చెప్పిన లోటు నిజం కాదనీ అసలుది 12 శాతం పైమాటేననీ ప్రకటించింది. చివరికి తేలింది 15 శాతం పైన. 2010 మేలో 110 బిలియన్ యూరోల రుణం ఖరారైంది. షరతులు చూసుకునేది ముగ్గురు: యూరోపియన్ కమిషన్, యూరోపియన్ కేంద్ర బ్యాంకు, ద్రవ్య నిధి. ట్రోయికా అన్న పేరు గ్రీసులో తిట్టుగా మారడానికి ఎన్నాళ్లో పట్టలేదు.

తీర్చలేని అప్పు అయితే ముందు అప్పు తగ్గించాలి, తర్వాత కొత్త రుణం మాట. ద్రవ్య నిధి తన సొంత నిబంధనల ప్రకారం చెయ్యాల్సిందీ అదే. 2010లో చెయ్యలేదు. కారణం, గ్రీకు బాండ్లు అప్పుడు ఫ్రెంచి, జర్మన్ బ్యాంకుల దగ్గర పెద్ద మొత్తాల్లో ఉన్నాయి. అప్పు కోత 2012 మార్చికి వచ్చింది. ప్రైవేటు బాండ్ల ముఖవిలువలో 53.5 శాతం కొట్టేశారు. అప్పటికి పెద్ద బ్యాంకులు చాలా భాగం వదిలించుకున్నాయి, భారం ప్రభుత్వాల మీదికి, అంటే పన్ను కట్టేవాళ్ల మీదికి మారింది. మొదటి రెండు రుణాల్లో గ్రీసు బడ్జెట్‌కు చేరింది ఐదు శాతం లోపేననీ మిగతాది అప్పుల చెల్లింపుకూ వడ్డీలకూ బ్యాంకుల మూలధనానికీ పోయిందనీ బెర్లిన్‌లోని ఒక మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ 2016లో లెక్కకట్టింది. జర్మన్ ఓటరుకు ఈ మాట 2010లోనే చెప్పి ఉంటే "గ్రీసును ఆదుకోవడం" అన్న మాటకు బదులు ఇంకేదో వాడాల్సి వచ్చేది. చెప్పలేదు. పైగా ఆ మేలో నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా రాష్ట్ర ఎన్నికలున్నాయి. జర్మన్ ఛాన్సలర్ ఆంగెలా మెర్కెల్ నిర్ణయాన్ని వారాల తరబడి నాన్చింది. ఆ ఎన్నికల్లో ఆమె పార్టీ ఎలాగూ ఓడింది.

కోతలు ఎక్కడ పడ్డాయి? 2012 ఫిబ్రవరిలో కనీస వేతనం 751 యూరోల నుంచి 586కు దించారు. పాతికేళ్ల లోపు వాళ్లకు ఇంకా తక్కువ. పింఛన్లు ఒకసారి కాదు, పలుమార్లు తెగాయి. 2013లో ప్రభుత్వ ప్రసార సంస్థను రాత్రికి రాత్రి మూసేశారు. నిరుద్యోగం 27 శాతం దాటింది, యువతలో సగానికి పైగా పనిలేని వాళ్లు. జీడీపీలో నాలుగో వంతు ఎగిరిపోయింది. అప్పు తగ్గిందా అంటే, కోత వేసిన తర్వాత కూడా జీడీపీతో పోలిస్తే పెరిగింది: 2009లో 130కి అటూ ఇటూ ఉన్నది 2014కు 180 దగ్గరికి చేరింది. కింద ఉన్న జీడీపీ కుంగిపోతే నిష్పత్తి పైకే పోతుంది. ద్రవ్య నిధి ముఖ్య ఆర్థికవేత్త ఒలివియే బ్లాంషార్ 2013 జనవరిలో సహ రచయితతో కలిసి రాసిన పత్రంలో, ఖర్చు కోస్తే ఉత్పత్తి ఎంత తగ్గుతుందన్న అంచనా బాగా తక్కువగా వేశారని ఒప్పుకున్నాడు. అదే ఏడాది జూన్‌లో ఆ సంస్థే గ్రీసు కార్యక్రమంలో చెప్పుకోదగ్గ వైఫల్యాలున్నాయని నివేదిక ఇచ్చింది. కానీ ఆ ఒప్పుకోలు తర్వాత కూడా షరతులు మారలేదు. నా దృష్టిలో మొత్తం ఉదంతంలో క్షమించరానిది ఇదే. అంచనా తప్పడం ఎవరికైనా జరుగుతుంది. తప్పిందని రాతపూర్వకంగా తెలిశాక కూడా అదే దారిన నడవడం వేరు.

2015 జనవరిలో కోతలను వ్యతిరేకించిన వామపక్ష పార్టీ సిరిజా గెలిచింది. ఆర్థిక మంత్రి యానిస్ వరూఫాకిస్ తర్వాత రాసుకున్నదాని ప్రకారం, ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఆర్థిక విధానం మార్చనివ్వడం కుదరదని జర్మన్ ఆర్థిక మంత్రి వోల్ఫ్‌గాంగ్ షోయ్‌బ్లె మొదటి సమావేశంలోనే తేల్చి చెప్పాడు. షోయ్‌బ్లె వైపు వాదన కూడా తీసిపారేసేది కాదు: గ్రీకు ఓటరు ఓటేసినంత మాత్రాన స్లొవాకియా పన్నుదారు జేబులోంచి డబ్బు ఎందుకు పోవాలి? ఒక ప్రజాస్వామ్యం మీద పద్దెనిమిది ప్రజాస్వామ్యాలు. జూన్ చివర యూరోపియన్ కేంద్ర బ్యాంకు అత్యవసర నిధుల మీద పరిమితి బిగించడంతో గ్రీకు బ్యాంకులు మూతపడ్డాయి. ఏటీఎం దగ్గర రోజుకు 60 యూరోలు. ఆ క్యూల మధ్యనే జులై 5న ప్రజాభిప్రాయ సేకరణ జరిగి, 61 శాతం మంది రుణదాతల షరతులను తిరస్కరించారు. ఎనిమిది రోజుల తర్వాత ప్రధాని అలెక్సిస్ సిప్రాస్ దాదాపు పదిహేడు గంటల చర్చల చివర అంతకన్నా కఠినమైన షరతుల మీద సంతకానికి ఒప్పుకున్నాడు.

దీన్ని ద్రోహం అన్నవాళ్లున్నారు, లొంగుబాటు అన్నవాళ్లున్నారు. నాకైతే సిప్రాస్ చేసిన తప్పు జులైలో కాదు, జనవరిలో కనిపిస్తుంది. యూరోలోనే ఉంటాం, కోతలూ ఆపేస్తాం అని రెండూ కలిపి వాగ్దానం చేశాడు. యూరో వదలడానికి జనం సిద్ధంగా లేరు, ఆయన దగ్గర దానికో ఏర్పాటూ లేదు. ఎదుటివాడికి ఈ సంగతి తెలిసిన క్షణాన బేరం ముగిసింది.

స్పెయిన్ కథలో దోషి బడ్జెట్ కాదు, తాకట్టు రుణం. కాహా అని పిలిచే ప్రాంతీయ పొదుపు బ్యాంకుల బోర్డుల్లో ప్రాంతీయ ప్రభుత్వాల మనుషులు కూర్చుని, నేతలకు నచ్చిన ప్రాజెక్టులకూ ఇళ్ల కట్టడాలకూ అప్పులు పోశారు. 1998లో హోసే మరియా అస్నార్ ప్రభుత్వం భూమి చట్టాన్ని సడలించింది, యూరో చవక వడ్డీ తెచ్చింది. కాస్తెయోన్‌లో 2011 మార్చిలో ప్రారంభించిన విమానాశ్రయానికి 2015 దాకా సాధారణ ప్రయాణికుల విమానమే రాలేదు. సియుదాద్ రెయాల్‌లో సుమారు వంద కోట్ల యూరోలు పోసి కట్టినది 2012లో మూతపడింది. బుడగ పగిలాక ఇళ్లు కొన్నవాళ్ల గతి మరీ అన్యాయం. అక్కడి చట్టం ప్రకారం ఇల్లు బ్యాంకుకు అప్పజెప్పినా అప్పు తీరదు. వేలంలో వచ్చింది పోగా మిగిలిన బాకీ మెడకు చుట్టుకునే ఉంటుంది. ఇల్లూ పోయి అప్పూ మిగిలిన కుటుంబాల ఉద్యమంలోంచి వచ్చిన అదా కొలావు 2015లో బార్సిలోనా మేయరయింది.

ఏడు కాహాలు కలిపి కుట్టిన బాంకియా 2011 జులైలో చిన్న మదుపరులకు షేర్లు అమ్మింది. ఏడాది తిరక్కుండా ప్రభుత్వం స్వాధీనం చేసుకోవాల్సి వచ్చింది. దాని అధిపతి రోద్రిగో రాతో అంతకు ముందు సాక్షాత్తూ ద్రవ్య నిధికి అధిపతి. బ్యాంకు కార్డులను సొంత ఖర్చులకు వాడుకున్న కేసులో 2018లో జైలుకు వెళ్లాడు. బ్యాంకుల నష్టం ఖజానా మీద పడింది, పన్నులు పడిపోయాయి, 36 శాతం ఉన్న ప్రభుత్వ అప్పు ఏడేళ్లలో వంద దరిదాపులకు వచ్చింది. అప్పు సంక్షోభానికి కారణం కాదు, ఫలితం. అయినా 2011 సెప్టెంబరులో రెండు పెద్ద పార్టీలూ చెయ్యి కలిపి, ప్రజాభిప్రాయం అడక్కుండా, కొద్ది వారాల్లోనే రాజ్యాంగంలో 135వ అధికరణం మార్చి అప్పు చెల్లింపుకే అగ్రతాంబూలం ఇచ్చాయి. అప్పటికే ఆ మే నెలలో మాడ్రిడ్ పుయెర్తా దెల్ సోల్ చౌకు నిండా జనం కూర్చుని, మీరు మా ప్రతినిధులు కారని అంటూనే ఉన్నారు.

ఇటలీది నెమ్మది జబ్బు. చిన్న కుటుంబ పరిశ్రమలు పెరగవు, కోర్టులు తెమలవు, ఉత్తరానికీ దక్షిణానికీ మధ్య దూరం 1950 నుంచి ఒక ప్రత్యేక నిధి పెట్టి మూడు దశాబ్దాల పైన డబ్బు పోసినా తగ్గలేదు. రాజకీయంగా మాత్రం చెప్పుకోదగ్గది ఇక్కడే జరిగింది. 2011 ఆగస్టులో యూరోపియన్ కేంద్ర బ్యాంకు నుంచి ప్రధాని బెర్లుస్కోనీకి ఒక రహస్య లేఖ వెళ్లింది. ఏ ఖర్చు తగ్గించాలో, ఏ చట్టం మార్చాలో అందులో పట్టీ ఉంది. కింద సంతకాలు ఆ బ్యాంకు అధ్యక్షుడు జాఁ-క్లోద్ త్రిషే, ఆ పదవికి రాబోతున్న మారియో ద్రాగి. నవంబరులో వడ్డీలు భగ్గుమన్నాయి, బెర్లుస్కోనీ దిగిపోయాడు. ఎన్నిక లేకుండానే మారియో మోంతి ప్రధాని అయ్యాడు, మంత్రివర్గమంతా నిపుణులే. అదే నెలలో గ్రీసులో ప్రజాభిప్రాయం అడుగుతానన్న పాపాండ్రూ దిగిపోయి, కేంద్ర బ్యాంకు మాజీ ఉపాధ్యక్షుడు లూకాస్ పాపదేమోస్ ఆ కుర్చీ ఎక్కాడు. ఇటలీ ఓటరు 2013లో హాస్యనటుడు బెప్పె గ్రిల్లో పెట్టిన నిరసన పార్టీకి నాలుగో వంతు ఓట్లు వేసి జవాబిచ్చాడు. లేఖ మీద సంతకం పెట్టిన ద్రాగి 2021లో, ఆయనా ఎన్నిక లేకుండానే, ప్రధాని అయ్యాడు. బెర్లుస్కోనీ మీద నాకు జాలి లేదు. ఆయన్ని దించాల్సింది ఓటరు.

పోర్చుగల్ 2011లో 78 బిలియన్లు తీసుకుంది. ప్రభుత్వోద్యోగుల సెలవు, క్రిస్మస్ బోనసుల కోతను అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2012లో చెల్లదంది. మిగతాచోట్ల పెద్దగా కనిపించని అడ్డు ఇది. 2015 చివర కోస్టా సోషలిస్టులు వామపక్షాల మద్దతుతో గద్దెనెక్కి, పింఛన్లు జీతాలు కొంత నిలబెట్టి, 2019కి బడ్జెట్ మిగులు కూడా చూపించారు. అయితే ఆ మిగులులో కొంత భాగం ఆసుపత్రులకూ బడులకూ పెట్టకుండా ఆపుకున్న పెట్టుబడే.

విచిత్రమేమిటంటే, మంట ఆర్పింది కోతలు కాదు. 2012 జులై 26న లండన్‌లో ద్రాగి, యూరోను కాపాడడానికి ఏం చెయ్యాలన్నా కేంద్ర బ్యాంకు చేస్తుందన్నాడు. సెప్టెంబరులో దానికో పథకం ప్రకటించారు. అందులో ఒక్క యూరో ఖర్చు కాలేదు. మాటకే వడ్డీలు దిగాయి. ఆ మాట 2010లో ఎందుకు రాలేదన్న ప్రశ్నకు ఆర్థిక శాస్త్రంలో జవాబు దొరకదు. జర్మన్ ఓటరు, కార్ల్స్‌రూహేలోని జర్మన్ రాజ్యాంగ న్యాయస్థానం, భయపడితేనే దక్షిణం మారుతుందన్న నమ్మకం, ఇవీ కారణాలు. 2020లో కరోనా వచ్చినప్పుడు నింద వెయ్యడానికి ఎవరూ దొరక్క 750 బిలియన్ల ఉమ్మడి అప్పుకు మెర్కెల్ సహా అందరూ తలూపారు. అందులో అందరికన్నా పెద్ద వాటా ఇటలీది. పదేళ్ల ముందు అసాధ్యమన్నది నాలుగు నెలల్లో అయిపోయింది.

మరి దక్షిణపు నేతలకు ఈ షరతులు ఒట్టి భారమేనా? కాదు, చాటు కూడా. బ్రస్సెల్స్ చెప్పింది, మేమేం చెయ్యం అంటూ పింఛను కోశారు, ఓడల యజమాని జోలికి మాత్రం పోలేదు. రుణదాత అడిగింది మొత్తం లెక్క. ఎవరి నుంచి వసూలు చెయ్యాలో చాలా మటుకు స్థానిక అధికారమే ఎంచుకుంది. ఈ రెండో సగం వదిలేసి అంతా జర్మనీ చేసిందనే వామపక్ష కథనం, అంతా సోమరితనమనే ఉత్తరాది కథనమంత అసంపూర్ణమే.

ఇప్పుడు లెక్కలు తిరగబడ్డాయి. 2023, 2024లలో జర్మనీ కుంగితే స్పెయిన్, గ్రీసు, పోర్చుగల్ ఎదిగాయి. గ్రీసు బాండ్లకు మదుపు స్థాయి రేటింగు తిరిగి వచ్చింది. కానీ 2023 లెక్కల్లో కొనుగోలు శక్తి ప్రకారం తలసరి జీడీపీలో యూరోపియన్ యూనియన్ మొత్తం మీద గ్రీసు కన్నా కింద ఉన్నది బల్గేరియా ఒక్కటే. లిస్బన్, ఏథెన్స్‌లలో పర్యాటకుల గదులుగా మారిన ఇళ్లు స్థానికులకు అద్దెకు అందడం లేదు. 2023 ఫిబ్రవరి 28న టెంపి దగ్గర రెండు రైళ్లు ఎదురెదురుగా గుద్దుకుని 57 మంది చనిపోయారు. ఆ మార్గంలో సిగ్నళ్లు బాగు చేసే ఒప్పందం 2014లో కుదిరి అప్పటికీ పూర్తికాలేదు. స్పెయిన్‌లో వాక్స్, పోర్చుగల్‌లో షేగా వంటి తీవ్ర మితవాద పార్టీలు బలపడ్డాయి. 2025లో షేగా పార్లమెంటులో రెండో పెద్ద పార్టీ అయింది. ఇటలీని 2022 నుంచి జార్జా మెలోని ఏలుతోంది.

బ్యాంకు మునిగితే డిపాజిట్లు ఏ దేశానివి ఆ దేశమే కాచుకోకుండా ఉమ్మడి బీమా ఉండాలని యూరోపియన్ కమిషన్ 2015 నవంబరులో ప్రతిపాదించింది. అది ఇంకా చట్టం కాలేదు. గ్రీసు మాత్రం 2018లో రుణ కార్యక్రమం నుంచి బయటపడుతూ, వడ్డీలు మినహాయించి సగటున 2.2 శాతం మిగులును 2023 నుంచి 2060 దాకా చూపిస్తానని రుణదాతలకు మాటిచ్చింది. ఆ మాటిచ్చిన ప్రభుత్వం మరుసటి ఏడాదే ఎన్నికల్లో ఓడిపోయింది. గడువు తీరేలోగా అక్కడ కనీసం పది ఎన్నికలు జరగాలి.